సప్పుడుల ఇనవడ్డ మాట

లీబెరెట్స్, చెక్ దేశం
సెప్టెంబర్ ఆఖరి ఆదివారం

బాపూ,

మంచిగ చేరిన. నువ్వు చెప్పినట్టే కాయితం మీద రాసి, ఫొటో తీసి ఉదయ్ అన్న ఫోన్‌కు పంపుతున్న. ఫోన్‌ల మాట నీ చెవికి అందదు, వీడియోల మొకం ఆగి ఆగి వస్తె నా పెదవులు చూసి మాట పట్టుకోరాదు. అందుకే అమ్మకు, అన్నకు ఫోన్, నీకు ఉత్తరం. మున్సిపల్ తెలుగు బడిల ఏడు దాక చదివిన చదువు ఇగో ఇప్పుడు అక్కరకొచ్చింది. తప్పులుంటె నవ్వకు.

ఇది గుట్టల నడుమ ఊరు. ఒకప్పుడు బట్టల మిల్లులు చాలా ఉండేవట. ఇప్పుడు కొన్ని మిల్లులల్ల దుకాణాలు పెట్టిన్రు, కొన్నిటికి తాళాలున్నయ్. టెక్స్‌టైల్ చదువు మాత్రం ఇంకా ఉన్నది. రోడ్డు మీద ట్రాంలు పోతుంటయ్. మనుషులు మెల్లగ నడుస్తరు, ఎవరూ హారన్ కొట్టరు. మన లింబాయత్ గల్లీలకెల్లి వచ్చినదానికి ఇక్కడ ఏదో కర్ఫ్యూ పెట్టినట్టున్నది.

నా రూంల లెంకా అని ఈ దేశం పిల్లనే ఉంటది. పొడుగ్గ, చెంపలు ఎర్రగ ఉంటది. వాళ్ల అమ్మ చేసిన ఆపిల్ కేక్ తెచ్చి సగం నాకు పెట్టింది. నేను అమ్మ కట్టిచ్చిన సకినాలు పెట్టిన. "ఇవి తినేటియా, గోడకు తగిలించేటియా?" అని అడిగింది. తిన్నంక మళ్ల అడిగి తీసుకున్నది.

రేపటి నుంచి క్లాసులు. మా సూరత్ కాలేజీ పంపిన చదువు గద, ఇక్కడి మార్కులే అక్కడ కలుపుతరు. ఇక్కడ తప్పితె అక్కడ ఏడాది పోతది. అందుకే ముందు వరుసల కూర్చోవాలని అనుకున్న.

నీ ఇందుజ


సూరత్, లింబాయత్
నవరాత్రుల మొదలు

బిడ్డా ఇందుజా,

నీ ఉత్తరం ఫోన్‌ల పెద్దగ చేసుకొని చదివిన. అక్షరాలు మంచిగున్నయ్. ఒత్తులు జర చూసుకో.

ఈడ అందరం మంచిగున్నం. నేను మార్కెట్ల చీరెలు మడతపెట్టి పార్సిళ్లు కడుతున్న. పండుగ సీజన్ గద, పని ఎక్కువుంది. ఉదయ్ కామ్‌రేజ్ దిక్కున్న ఎంబ్రాయిడరీ కంపెనీకి పొద్దుగాలనే పోతుండు. మీ అమ్మ గల్లీల ఆడోళ్లతోని బతుకమ్మకు పూలు ఏరుతుంది. ఈడ తంగేడు దొరకదు, బంతిపూలతోనే పేరుస్తున్నరు.

అవతలి సొసైటీల గర్బా మైకులు పెట్టిన్రు. కిటికి అద్దాలు వణుకుతున్నయ్ అని మీ అమ్మ చెవులు మూసుకుంది. నాకు పాట తెల్వదు గని డోలు దెబ్బ కాళ్లల్లకెల్లి తెలుస్తది. జర సేపు గోడకు చెయ్యి ఆనిచ్చి నిలబడ్డ.

క్లాసులు ఎట్లున్నయో ఒక్కొక్క రోజుది రాయి. నాకు అర్థం కాకున్నా రాయి.

మీ బాపు


లీబెరెట్స్
శనివారం

బాపూ,

మొదటి వారం అయిపోయింది. నువ్వు చెప్పినట్టు రోజు రోజుది రాస్తున్న.

సోమవారం పెద్ద హాలు. సినిమా హాలు లెక్క మెట్లు మెట్లుగ కుర్చీలు. సారుకు మీసాలు గుబురుగ పెరిగి పెదవుల మీద పడ్డయ్. మాట ఏడికెల్లి వస్తదో అర్థం కాదు. అందరు మూడుసార్లు నవ్విన్రు, నేను కూడ నవ్విన. ఎందుకు నవ్విన్నో తెల్వదు. ఇక్కడి ఇంగ్లీష్ యాస వేరే, అలవాటు కావాలె.

మంగళవారం మేడం క్లాస్. ఆమె మంచిదే గని బోర్డు దిక్కు తిరిగి చెప్పుకుంట పోతది. వీపుకు చెప్పినట్టున్నది. అందరి కలాలు ఉరుకుతున్నయ్, నేను బోర్డు మీదున్నది ఎక్కించుకున్న.

బుధవారం ల్యాబ్. బాపూ, ఆ రోజు నాదే! గాలితోని పోగును తోసే మగ్గాలు చాలూ చేసిన్రు. పిల్లలందరు చెవులు మూసుకొని "ఆఁ? ఏంటిది?" అని ఒకరినొకరు అడుక్కుంటున్నరు. నాకు మాత్రం ప్రతి మాట అందింది. మిషిన్ అవతలి నుంచి లెంకా ఏదో అడిగితె వెంటనే జవాబు చెప్పిన. ల్యాబ్ చూసుకునే పెద్దాయన "ఈ పిల్ల ఎక్కడిది?" అని అడిగి, సూరత్ అంటె ఏదో అర్థమైనట్టు తలకాయ ఊపిండు.

గురువారం సెమినార్. గుండ్రంగ కూర్చోబెట్టిన్రు. మీసాల సారు నా దిక్కు చూసి ఏదో అన్నడు. నేను "యెస్, యెస్" అన్న. అందరు నన్నే చూసి బల్ల మీద చేతులతోని కొట్టిన్రు, అది ఇక్కడ చప్పట్ల లెక్క. బయటికొచ్చినంక లెంకా చెప్పింది. రెండు వారాల తర్వాత వచ్చే గురువారం మొదటి ప్రెజెంటేషన్ ఎవరు చేస్తరు అని అడిగిండట. నేను ఒప్పుకున్ననట!

నిన్న శుక్రవారం రోడ్డు దాటుతుంటె ట్రాం ఒకటి పక్కకే వచ్చింది. ఇక్కడి ట్రాంలు అసలు చప్పుడు చెయ్యవు. లెంకా చెయ్యి పట్టి గుంజింది. దాని మొకం తెల్లగ అయిపోయింది. నాకు ఏం కాలేదు, భయపడకు. అమ్మకు చెప్పకు.

ఇక్కడోళ్లకు నోరు తెరిచి మాట్లాడుడు రాదు, అదొక్కటే కష్టం.

ఇందుజ


సూరత్
దసరా ఎల్లినంక

బిడ్డా,

ఉత్తరం చదివిన. ట్రాం సంగతి మీ అమ్మకు చెప్పలె. ఉదయ్ చదివిండు, వాన్ని సుత చెప్పకుమన్న.

నేను కొన్ని అడుగుత. కోపం చెయ్యకుంట జవాబు రాయి.

ట్రాం వచ్చినప్పుడు గంట కొట్టలేదా? లెంకాను అడుగు.

ఫోన్ ఏ చెవికి పెట్టుకుంటున్నవ్? రెండో చెవికి పెట్టి చూసినవా?

ఎవలన్న ఎనుకకెల్లి పిలిస్తె మలుగుతున్నవా?

ఆ సారుకు మీసాలు లేకుంటె ఆయన మాట అర్థమయ్యేదా?

ఎందుకు అడుగుతున్ననంటె, మగ్గాల ఖాతాల పనిచేసినప్పుడు సంచా మిషిన్లు నడుస్తుంటె నాకు సుత మంచిగ ఇనవడేది. అందరు మొత్తుకునేటోళ్లు, నేను నిమ్మళంగ జవాబు చెప్పేటోన్ని. బయటికొచ్చి చాయ్ బండి కాడ నిలవడితెనే ఏం ఇనవడకపోయేది. మొదాలు గట్లనే అయింది నాకు.

నీ ల్యాబ్ ముచ్చట రెండుసార్లు చదివిన.

బాపు


లీబెరెట్స్
మంగళవారం

బాపుకు,

నేను మంచిగ ఉన్న. నాకు ఏ చెవిల ఏం లేదు. ఇంగ్లీష్ యాస కొత్త, అంతే. ఇక్కడికొచ్చిన వేరే దేశం పిల్లలు కూడ అదే అంటున్నరు.

నువ్వు ఇరవై ఏండ్లు మగ్గాల మీద పనిచేసినవ్. నేను చెయ్యలే. నీకైంది నాకు ఎట్లయితది? నాకు చదువుకునే పని ఉన్నది. గురువారం ప్రెజెంటేషన్, దానికి తయారవుతున్న.

అమ్మకు ఇసొంటివి చెప్పి భయపెట్టకు.

ఇందుజ


సూరత్
బుధవారం, పొద్దుగాల

బిడ్డా,

సరే. ఇగ అడగ.

రేపు నీ ప్రెజెంటేషన్ గద, అందుకే పనికి పోకముందే రాస్తున్న. చెవులకు దీనికి సంబంధం లేదనుకొనే చదువు.

కిటికి నీ ఎనుక ఉండేటట్టు నిలవడు. ఎలుగు ఎదుటోళ్ల మొకాల మీద పడాలె. ఎవలన్న అడిగితె వాళ్లు అడిగింది నువ్వు ఒకసారి తిరిగి చెప్పు, "గిదేనా మీరు అడిగింది?" అని. తప్పయితె వాళ్లే దిద్దుతరు. తెల్వనప్పుడు అవునని తల ఊపకు. కాదని సుత ఊపకు. దగ్గరికి పో. దూరం నిలబడి ఊహించుకునేదానికంటె రెండు అడుగులు ఏసుడు మేలు.

ఇవి నాకు ఎవలు చెప్పలె. సేఠ్ "మిషిన్ల కాడ చెవులు లేనోడు వద్దు" అని ఖాతా నుంచి దింపినంక ఒక్కొక్కటి తెలిసినయ్.

మంచిగ చెప్పు. గొంతు గట్టిగనే పెట్టు.

బాపు


లీబెరెట్స్
శనివారం

బాపూ,

నువ్వు అడిగినయన్నీ నిజమే.

ట్రాం గంట కొట్టిందట. ఆగకుండ కొట్టిందట. లెంకాను అడగనీకె నాకు ఇన్ని రోజులు పట్టింది. ఎడమ చెవికి ఫోన్ పెట్టుకుంటె ఏం వినవడదు. ఎప్పటి నుంచో కుడి చెవికే పెట్టుకుంటున్న, అది అలవాటు అనుకున్న. సూరత్‌ల నాకు తెల్వనే లేదు. మన గల్లీల పగలంత సంచాలు నడుస్తనే ఉంటయ్, ఆ చప్పుడుల అందరి మాట వినవడేది. కాలేజీల దోస్తుల మొకాలు చూసి పట్టుకునేదాన్ని అని ఇప్పుడు అర్థమైంది. ఇక్కడ ఊరు నిశ్శబ్దం, మొకాలు కొత్తవి. రెండూ ఒక్కసారే పోయినయ్.

గురువారం ఏమైందో రాస్త. కిటికి నా వెనుక పెట్టుకున్న. సూరత్ జరీ మీద చెప్పిన, చీర అంచు ముక్క అందరి చేతులకు ఇచ్చిన. మంచిగనే పోయింది. చివరికి ప్రశ్నలు. ఇద్దరు అడిగిన్రు, నువ్వు చెప్పినట్టే తిరిగి చెప్పి జవాబిచ్చిన. మూడోది మీసాల సారు అడిగిండు. నాకు ఒక్క ముక్క అందలేదు. దగ్గరికి పోవాల్నని తెలుసు, పోలేదు. రంగు ఎట్ల నిలుస్తదని అడిగిండనుకొని, అద్దకం గురించి పొడుగ్గ చెప్పిన. ఎవరూ నవ్వలేదు. అందరు బల్ల దిక్కు చూస్తున్నరు. అప్పుడు తెలిసింది.

సారు లేచి నా ముందుకొచ్చి నిలబడ్డడు. మెల్లగ, ఒక్కొక్క మాట విడదీసి అన్నడు. "ఈ పని మీ ఇంట్ల ఎవరన్న చేస్తరా అని అడిగిన."

నేను "ఐ కాంట్ హియర్" అన్న. ఆ మాట ఇంతకుముందు ఏ భాషల అనలేదు బాపూ.

ఆయన తల ఊపిండు. "సరే. అది ముందు చూద్దాం" అన్నడు, అంతే. నిన్న లెంకా నన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకపోయింది. ఒక డబ్బా అసొంటి గదిల కూర్చోబెట్టి, చప్పుడు వస్తె బటన్ నొక్కుమన్నరు. చాలాసేపు నేను నొక్కనే లేదు. డాక్టరమ్మ అద్దం అవతల నుంచి చూస్తనే ఉన్నది. తర్వాత రెండు కొమ్ముల ఇనుప చీలికను కొట్టి చెవి ముందర పెట్టింది, ఏం లేదు. అదే చెవి వెనుక ఎముక మీద ఆనిచ్చింది. గంట కొట్టినట్టు వినవడ్డది!

"మీ ఇంట్ల చెవులు వినబడనోళ్లు ఉన్నరా?" అని అడిగింది.

"మా నాయిన. మగ్గాల చప్పుడుకు పోయినయ్" అన్న.

"మగ్గాలు నడుస్తున్నప్పుడు ఆయనకు మనుషుల మాట బాగ వినబడేదా?"

నువ్వు ఉత్తరంల రాసిందే ఆమె అడిగింది. అవునని తల ఊపిన. "వట్టి చప్పుడుకు చెడిపోయిన చెవి అట్ల చెయ్యదు" అన్నది. చెవి లోపల మాటను మోసే చిన్న ఎముక ఒకటి ఉంటదట. అది బిగుసుకపోతదట. కొన్ని కుటుంబాలల్ల నాయినమ్మల నుంచి, నాయినల నుంచి వస్తదట. మిషిన్ పెట్టుకుంటె వినవడతది, తర్వాత కావాల్నంటె ఆపరేషన్ కూడ ఉన్నదట.

బాపూ, నీది కూడ అదే కావచ్చు. పరీక్ష చేయించుకో.

పోయిన ఉత్తరంల అట్ల రాసినందుకు ఏం అనుకోకు.

నీ ఇందుజ


సూరత్
దీపావళి సెలవులు

బిడ్డా,

నీ ఉత్తరం వచ్చి శానా రోజులైంది. రాయబుద్ధి కాలె.

ఖాతాలన్ని బందయినయ్. గల్లీల సప్పుడు లేక నిద్ర పడతలేదని మీ అమ్మ అంటుంది. పక్కింటి శ్యాంసుందర్ కుటుంబం ఊరికి పోయింది. ఉదయ్ బార్డోలీల దోస్తు ఇంటికి పోయిండు.

మగ్గాన్ని ఇన్నేండ్లు తిట్టుకున్న. సేఠ్‌ను తిట్టుకున్న. సూరత్ రావద్దుండె అనుకున్న. మా సోపతిగాళ్లకు శానా మందికి చెవులు పోయినయ్, నాకు జర ముందుగాల పోయినయ్ అనుకున్న. నీ ఉత్తరం చదివినంక కోపమొచ్చింది. ఎవలి మీదనో తెల్వలె. ఆ పొద్దు అన్నం తినలె.

మల్ల మా అవ్వ, అదే మీ నాయినమ్మ, యాదికొచ్చింది. నువ్వు ఆమెను చూడలె. నలభై దాటకముందే ఆమెకు ఇనవడకపోయేది. ఎవలు పిలిచినా భుజం తట్టాలె. ఆమె మగ్గం ముట్టలె బిడ్డా. మూలకు కూసోని బీడీలు చుట్టేది. సప్పుడే లేని పని. గంత ఎదురుంగ ఉన్నదాన్ని నేను ఎన్నడు లెక్కపెట్టలె.

నువ్వు మిషిన్ పెట్టుకో. చదువుకో. అదే కావాలె.

నా సంగతి ఇడిసిపెట్టు. ఇప్పుడు తెలుసుకొని ఏం జెయ్యాలె? ఈ వయసుల చెవుల తీగ పెట్టుకొని మార్కెట్ల తిరిగితె మంది చూస్తరు. పార్సిల్ కట్టనీకె చెవులు అక్కర లేదు.

మీ అమ్మకు నీ చెవుల సంగతి చెప్పిన. ఆమె ఏడ్వలె. "నా పిల్ల ఒక్కతే గా డాక్టర్ దగ్గరికి పోయిందా?" అని అడిగింది. లెంకా ఉండె అని చెప్పిన.

బాపు


లీబెరెట్స్
నవంబర్, మంచు పడుతున్నది

బాపూ,

మిషిన్లు వచ్చినయ్. రెండు చెవులకు. మొదటి రోజు నా సొంత కోటు చప్పుడుకే వెనుకకు తిరిగి చూసిన. కాయితం తిప్పితె ఇంత చప్పుడు అయితదని నాకు గుర్తే లేదు. లెంకా నిద్రల ముక్కుతోని ఈల వేస్తది, పాపం దానికి తెల్వదు.

క్లాసులల్ల ఇప్పుడు ముందే చెప్తున్న, "నాకు వినికిడి తక్కువ, నా దిక్కు చూసి మాట్లాడండి" అని. మేడం మొదటి రోజు బోర్డు దిక్కు తిరిగి, గుర్తొచ్చి మళ్ల ఇటు తిరిగి, మొత్తం క్లాసంత అటు ఇటు తిరుగుతనే ఉన్నది. మీసాల సారు వేసే జోకులు విన్న. వినకముందే బాగుండె.

మొదటి పరీక్ష పాసైన. మిగిలినయ్ జనవరిల. కష్టమే, గని ఏడాది పోదు అనుకుంటున్న.

ఇగ నీ సంగతి. నువ్వు పోనన్నవ్. మార్కెట్ల మంది చూస్తరన్నవ్. సరే, నీ కోసం పోకు. అన్న కోసం పో. అన్న రోజూ మిషిన్ల కాడ పనిచేస్తడు. నాకు వచ్చింది అన్నకు రాలేదని ఎవరు చెప్పాలె? వాడు ఒక్కడే పోడు, నువ్వు పోతె వస్తడు. డాక్టరమ్మ కూడ ఇంట్ల అందరు చూపించుకోవాలె అన్నది.

పోయినంక రాయి. పోకుంటె రాయకు.

ఇందుజ


సూరత్
డిసెంబర్

బిడ్డా ఇందుజా,

రాస్తున్న గద, పోయినమనే లెక్క.

ఉదయ్ చుట్టీ పెట్టిండు. ఆస్పత్రిల డాక్టర్ హారతి అని మన తెలుగామెనే ఉంది. ఆంధ్ర దిక్కు మాట. నేను ఇనవడదన్నట్టు చెయ్యి చూపెట్టంగనే మొకం నా దిక్కు పెట్టి మాట్లాడింది. మొదాలు ఉదయ్‌ని చూసింది. వానికి ఏం లేదు, రెండు చెవులు మంచిగున్నయ్. మిషిన్ల కాడ చెవులల్ల బిరడలు పెట్టుకొమ్మని చెప్పింది. వాడు సరే అన్నడు, పెట్టుకుంటడో లేదో చూడాలె.

నన్ను సుత నువ్వు రాసిన అసొంటి డబ్బాలనే కూసోబెట్టిన్రు. నువ్వు చెప్పింది నిజమే. అవ్వకెల్లి వచ్చిందే. గని మగ్గం సుత దాని పని అది చేసింది. ఎడమ చెవి లోపల నరమే పోయిందట, అది ఇగ రాదు. కుడిది పనికొస్తదన్నది. "ముందు మిషన్ పెట్టుకోండి, ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం బాబాయ్" అన్నది. ఒక్క చెవికి మిషిన్ ఇచ్చిన్రు.

ఆస్పత్రి బయటికొచ్చి ఆటో ఎక్కినం. బిడ్డా, ఈ ఊర్ల మనుషులు ఎట్ల బతుకుతున్నరు? బస్సు హారన్ ఒకటి కొడితె తలకాయల మొల దిగినట్టయింది. మిషిన్ తీసి జేబుల ఏసుకున్న. ఉదయ్ నవ్విండు.

ఇంటికొచ్చినంక, జర ఊపిరి పీల్చుకొని మల్ల పెట్టుకున్న. మీ అమ్మ పొయ్యి కాడ ఉంది. నా దిక్కు మలిగి "చాయ్ పెట్టాల్నా?" అన్నది. నేను ఎనుకకు జరిగిన. గంత గట్టిగ ఉంది ఆమె గొంతు. గోడలకు తాకి వచ్చింది.

"వినోదా, జర మెల్లగ అను. ఇనవడుతుంది" అన్న.

"ఇనవడుతుందా?" అన్నది, మల్ల గట్లనే.

"ఇనవడుతుంది. ఇంక మెల్లగ."

గొంతు తగ్గించనీకె చూసింది. సగం దాక మెల్లగ వచ్చి, మల్ల ఎగిరింది. ఇంకోసారి చూసింది. మల్ల గట్లనే. అప్పుడు చేతిల గిన్నె కింద పెట్టి కూసున్నది. నాకోసం ఒర్రి ఒర్రి ఆమె గొంతుకు అదే అలవాటైంది బిడ్డా. పన్నెండేండ్లు. పక్కింటోళ్లు ఆమెను నోరున్న మనిషి అంటరు, ఊర్ల అక్కచెల్లెండ్లు సుత అంటరు. పెండ్లయిన కొత్తల ఆమె మాట పక్కన కూసున్నోళ్లకే ఇనవడకపోయేది. ఆ సంగతి నేను మర్చిపోయిన, ఆమె సుత మర్చిపోయింది.

ఉదయ్ బయటికి పోయిండు. నేను పోయి ఆమె ఎదురుంగ కూసున్న. చాయ్ పొంగి పొయ్యి మీద పడ్డది, ఇద్దరం లేవలె. జర సేపటికి ఆమె కొద్దికొద్దిగ గొంతు దించుకుంట నాలుగు మాటలు అన్నది. ఆఖరిది మస్తు మెల్లగ అన్నది. పెదవులు చూడకుంటనే ఇన్న.

ఏమన్నదో నీకు రాయ.

మీ బాపు